సగటు లెక్క చాటున అహాబు

ఎండ ముదిరినా, వరదొచ్చినా మన ప్రసంగ వేదికల మీద ఒకటే మాట: "అంత్యదినాల సూచన." ఆమేన్ అని ఇంటికెళ్లిపోతాం. ఆ బొగ్గు ఎవరు కాలుస్తున్నారు, ఎవరి కోసం కాలుస్తున్నారు అని అడిగే కాపరి ఎంతమంది?

2023లో ఇంధనాల వాడకం వల్ల ప్రపంచం గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ సుమారు 3,700 కోట్ల టన్నులు. సౌరవిద్యుత్తు ఏటా పెరుగుతోంది, నిజమే. అయినా ప్రపంచం వాడే మొత్తం ఇంధనంలో ఐదింట నాలుగు వంతులు ఇప్పటికీ బొగ్గు, చమురు, సహజవాయువులే. మన దేశమైతే 2024-25లో వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది.

దీనికి మన పాలకుల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. అమెరికాలో తలసరి ఉద్గారాలు సుమారు 14 టన్నులు, మన దగ్గర 2 టన్నులే కదా అంటారు. అంతర్జాతీయ సభల్లో ఆ మాట గట్టిగా అనాల్సిందే. ఇంటి దగ్గర మాత్రం చెల్లదు. గదికో ఏసీ, మనిషికో కారు ఉన్న ఇంటినీ, ఎన్నూరు పాయలో రొయ్యలు పట్టే జాలరి గుడిసెనూ కలిపి తీసిన సగటు అది. పేదవాణ్ని ముందు నిలబెట్టి ధనికుడి పొగను దాచే లెక్క!

ఎన్నూరు ఊరికే ఎత్తలేదు. ఒడిశాలోని తాల్చేరులో తవ్విన బొగ్గు రైల్లో పారాదీప్‌కు, అక్కణ్నుంచి ఓడలో ఎన్నూరుకు వస్తుంది. తవ్విన చోట ఊళ్లు లేచిపోయాయి. కాల్చిన చోట బూడిద పాయలో చేరి జాలరుల పొట్టకొట్టింది. కరెంటు మాత్రం నగరానిది. ఈ రెండు రాష్ట్రాల్లోనూ మన తెలుగు సంఘాలున్నాయి. ఎన్ని సంఘాల ప్రార్థన అంశాల్లో ఈ ఊళ్ల పేర్లున్నాయి?

నాబోతు ద్రాక్షతోటను సండే స్కూల్లో దురాశ పాఠంగా చెప్పి ముగించేస్తాం. అది భూమి లాక్కున్న కథ, రాజముద్ర వేసిన కాగితాలతో లాక్కున్న కథ. ఏలీయా "యుగాంతం వచ్చింది" అని ఊరుకోలేదు. ఆ తోటలోకే వెళ్లి రాజును నిలదీశాడు.

బొగ్గు ఆపితే గని కార్మికుడి గతేమిటని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అతనికి వేరే పని చూపించి, ఆ తర్వాతే గని మూయాలి. ఆ ఖర్చు ఎక్కువ పొగ వదిలినవాళ్లే భరించాలి.

యువతకు ఒక మాట. చర్చి కప్పు మీద సోలార్ పలకలు బిగించి ఫోటో దిగండి, తప్పులేదు. తర్వాతి యువజన కూటంలో తాల్చేరు నిర్వాసితుల పునరావాసం, ఎన్నూరు పాయ శుభ్రత మీద తీర్మానం చేసి, సంతకాలు పెట్టి, ఆయా జిల్లా కలెక్టర్లకు పంపండి.