మందుడబ్బామీద తెలుగు అక్షరములు

నీటికాసులని వైద్యుడు చెప్పినపుడు మన పెద్దలలో పలువురు అదియు శుక్లమువంటిదే యనుకొందురు. శుక్లమునకు శస్త్రము చేసినచో చూపు తిరిగి వచ్చును. నీటికాసులచే పోయిన చూపు ఏ మందుచేతను, ఏ శస్త్రముచేతను తిరిగి రాదు. మందు చేయగలిగినది మిగిలిన చూపును కాపాడుట మాత్రమే. ఈ సంగతి తెలియకపోవుటచే మా యింటనే ఒక నష్టము జరిగినది.

మా మేనమామగారికి ఈ వ్యాధికి చుక్కలమందు వ్రాసియిచ్చిరి. నెలకు సీసా అయిపోయెను. "చూపులో రవంతయు మార్పు లేదు; ఈ నీళ్లకు డబ్బు తగలేయుట యెందుకు?" అని ఆయన మానివేసిరి. నేనును ఔనంటిని. మార్పు లేకుండ చూపు నిలుచుటయే ఆ మందు ఫలమని అప్పుడు నాకు తోచలేదు. రెండేండ్లకు ఆయన పట్టపగలు పందిరిగుంజకు భుజము కొట్టుకొనుట చూచి హొసూరునకు తీసికొనిపోతిమి. ఎడమకంట ప్రక్కచూపు చాలవరకు పోయినదనిరి.

కంటిలో ఊరు నీరు సరిగా వెలుపలికి పోక ఒత్తిడి పెరిగి, కంటినుండి మెదడునకు పోవు నరము చెడును. సామాన్యముగా నొప్పి యుండదు. చెన్నపట్టణము చుట్టుపట్ల గ్రామములలో జరిగి 2005లో వెల్లడియైన పరిశీలనయందు, సాధారణపు రకము నీటికాసులు గలవారిలో నూటికి తొంబదిమందికి పైగా తమకు వ్యాధి గలదనియే యెఱుగరని తేలినది. తెలిసికొన్న కొద్దిమందియు మందు మానినచో ఏమి లాభము?

ఇక మన చిక్కు. డబ్బామీద నున్నది ఇంగ్లీషు. కృష్ణగిరిలో చెప్పునది తమిళము, బెంగుళూరికి పోయినచో కన్నడము. మన ముసలివారు చదువగలది తెలుగు. 2006 నాటి తమిళాభ్యసన చట్టము తరువాత బడిలో చేరిన మనుమలలో పలువురకు తెలుగు వ్రాత రాదు. డబ్బా చదువగలవాడు తెలుగు వ్రాయలేడు. తెలుగు చదువగలవాడు డబ్బా చదువలేడు. భాషాహక్కులను గూర్చి మనము తీర్మానములు చేయుచున్నాము, చేయవలసినదే. కాని ఒక అట్టముక్కపై మందు పేరు, ఏ కన్ను, ఏ వేళ, సీసా తెరచిన తేదీ, ఈ నాలుగు ముక్కలు ఇంటింట వ్రాసికొనలేమా? మనుమడు చదివి చెప్పవలెను, తాత వ్రాసికొనవలెను.

వేయు విధము కూడ చెప్పెదను. చేతులు కడుగుకొని, తల వెనుకకు వాల్చి, క్రిందిరెప్పను లాగి, ఒక్క చుక్క వేయవలెను. రెండవ చుక్క చెంపపాలే. సీసామొన కంటికి గాని రెప్పకు గాని తగులరాదు. పిమ్మట కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటికొనను రెండు నిమిషములు వ్రేలితో అదిమి పట్టవలెను. ఇది మన యిండ్లలో చేయువారిని నేను చూడలేదు. అచటి సన్నని కాలువగుండ మందు ముక్కులోనికి, గొంతులోనికి జారి రక్తమున కలియును. టిమొలాల్ అను మందు అట్లు కలిసినచో ఉబ్బసముగలవారికి ఊపిరి సలుపకపోవచ్చును, గుండె కొట్టుకొనుట మందగింపవచ్చును. కావున ఉబ్బసము, గుండెజబ్బు ఉన్నవారు వైద్యునకు ముందే చెప్పవలెను. పొరుగువారి సీసా వాడరాదు. రెండు మందులున్నచో నడుమ ఐదు నిమిషములు ఆగవలెను. తెరచిన సీసాను సాధారణముగా నాలుగు వారములకు పారవేయవలెను; ఇంకను సగమున్నదను లోభము పనికిరాదు.

కన్ను ఎఱ్ఱబడి, భరింపరాని నొప్పి, వాంతులు, దీపము చుట్టు రంగుల వలయములు కనబడినచో అది వేఱు రకము. అపుడు అడవిదారి యని తెల్లవారువరకు ఆగరాదు.

అంగళ్లను గూర్చి ఒక మాట. నేనును వర్తకుడనే, వచ్చిన బేరము వదలుట కష్టమని యెఱుగుదును. ఐనను కన్ను ఎఱ్ఱబడినదని వచ్చినవానికి వైద్యుని చీటీ లేక స్టీరాయిడు చుక్కలు ఇచ్చుట అపరాధము. వారములు, నెలలు వాడినచో అవియే కంటి ఒత్తిడి పెంచి నీటికాసులు తేగలవు.

మా మామగారి డబ్బామీద ఇప్పుడు మనుమరాలు చదువగా నేను తెలుగున వ్రాయుచున్నాను. పోయిన నెల తేదీ వేయుట మఱచితిని. "ఈ సీసా ఎప్పటిదిరా?" అని ఆయనయే కేకవేసిరి.