ఇంట్లో నైట్రోజన్ సిలిండర్: శరీరం హెచ్చరించని ప్రమాదం

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అది మండదు, విషమూ కాదు. ఇన్ని సుగుణాలున్న వాయువును సిలిండరులో నింపి ఇంట్లో పెట్టుకుంటే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. నష్టం ఆ సుగుణాలలోనే దాగి ఉన్నది. అది ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొత్తచెరువు, పుట్టపర్తి, పెనుకొండ పరిసరాల నుంచి చదువులకు, కొలువులకు వెళ్లి బెంగళూరులోను, అమెరికాలోను స్థిరపడిన కుటుంబాలు ఇప్పుడు ప్రతి ఊరికీ ఉన్నాయి. అమెరికాలో ఇంటి వాడకానికి బీరు తయారుచేసుకోవడం ఒక వేడుకైన వ్యాపకం. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం అందుకు దారి తెరిచింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా తయారుచేసుకునే వీలును ఆ దేశ కేంద్ర చట్టం ఇస్తున్నది. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కాబట్టి ఈ వ్యాసాన్ని ఇక్కడి వారికి ప్రోత్సాహంగా ఎవరూ భావించవద్దు. అయితే బయటి దేశాలలో ఉన్న మన పిల్లలలో కొందరు స్టౌట్ అనే నల్లని బీరు చేసుకుని, దానిని బార్లలో వలె మెత్తని నురుగుతో పోసుకోవడానికి ఇంట్లోనే నైట్రోజన్ అమర్చుకుంటున్నారు. కాఫీ ప్రియులు కొందరు చల్లని కాఫీకి కూడా ఇదే ఏర్పాటు చేసుకుంటున్నారు. రుచి గురించి, పరికరాల గురించి వారు ఎంతో శ్రద్ధగా తెలుసుకుంటారు. ఊపిరి గురించి మాత్రం తక్కువగా ఆలోచిస్తారు.

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుంది?

మామూలు బీరులో బుడగలు కార్బన్ డయాక్సైడ్ వల్ల వస్తాయి. నైట్రోజన్ నీటిలో దానికంటే ఎన్నో రెట్లు తక్కువగా కరుగుతుంది. అందువల్ల ఎక్కువ ఒత్తిడితో నెట్టి, సన్నని రంధ్రాలున్న చిన్న బిళ్ల గుండా పోస్తే, కరిగిన కొద్దిపాటి నైట్రోజన్ అతి చిన్న బుడగలుగా విడిపోయి మీగడ వంటి నురుగునిస్తుంది. డబ్లిన్‌లోని గిన్నిస్ సంస్థలో పనిచేసిన గణితవేత్త మైఖేల్ యాష్ కృషితో ఈ పద్ధతి 1959లో వాడుకలోకి వచ్చింది. ఇళ్లలో సాధారణంగా 75 శాతం నైట్రోజన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువును వాడతారు. మామూలు బీరుకు 10 నుంచి 15 పీఎస్ఐ ఒత్తిడి సరిపోతే, దీనికి 30 నుంచి 40 పీఎస్ఐ కావాలి. కాఫీకి మాత్రం శుద్ధమైన నైట్రోజనే వాడతారు.

నిండు నైట్రోజన్ సిలిండరులో ఒత్తిడి దాదాపు 2,000 పీఎస్ఐ ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో కార్బన్ డయాక్సైడ్ సిలిండరులో ఉండేది అందులో సగం కంటే తక్కువ. అందుకే ఈ రెండు సిలిండర్ల మూతి మరలను వేర్వేరుగా తయారుచేస్తారు. ఒకదాని రెగ్యులేటరును అడాప్టరుతో మరొకదానికి బిగించడం డబ్బు ఆదాగా కనిపించవచ్చు. ఆ మరలను వేరుగా చేసినది అలా బిగించకుండా ఉండేందుకేనని మరువరాదు.

శరీరంలో గంట ఎందుకు మోగదు?

ఊపిరి బిగబట్టి చూడండి. కొద్దిసేపటికే ఛాతీలో తట్టుకోలేని ఆరాటం పుడుతుంది. ఆక్సిజన్ తగ్గినందువల్ల అలా జరుగుతున్నదని చాలామంది అనుకుంటారు. ఆ ఆరాటానికి ప్రధాన కారణం రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. మెదడు అడుగుభాగంలోని శ్వాసకేంద్రం దానినే కనిపెట్టి చూస్తుంటుంది. ఆక్సిజన్ తగ్గుదలను గుర్తించే కణాలు మెడలోని కెరోటిడ్ ధమని వద్ద ఉన్నా, వాటి సంకేతం మనిషిని భయపెట్టి బయటికి పరుగెత్తించేంత బలమైనది కాదు.

నైట్రోజన్ నిండిన చోట మనిషి ఊపిరి ఆడుతూనే ఉంటుంది. లోపలి కార్బన్ డయాక్సైడ్ ఎప్పటిలాగే బయటికి పోతుంది. కనుక ఉక్కిరిబిక్కిరి ఉండదు. అంతకంటే విపరీతమైన సంగతి మరొకటి ఉంది. ఊపిరితిత్తులలో ఆక్సిజన్ లేనప్పుడు, రక్తంలో ఉన్న ఆక్సిజన్ సైతం వెనుకకు ఊపిరితిత్తులలోకి చేరి, నిశ్వాసంతో బయటికి పోతుంది. ఊపిరి బిగబట్టిన మనిషి నిమిషం పైగా తెలివితో ఉండగలడు. దాదాపు శుద్ధమైన నైట్రోజన్ పీల్చిన మనిషి ఒకటి రెండు శ్వాసలకే కుప్పకూలగలడు.

వంటగ్యాస్ కారితే వాసన వస్తుంది. ఆ వాయువుకు సహజంగా వాసన లేకపోయినా, మనల్ని హెచ్చరించడానికే ఒక ఘాటైన పదార్థాన్ని అందులో కలుపుతారు. నైట్రోజనుకు ఆ ఏర్పాటు లేదు. మిశ్రమ వాయువులోని కార్బన్ డయాక్సైడ్ ముక్కును చురుక్కుమనిపించి, ఆయాసం పుట్టించి కొంత హెచ్చరిక ఇవ్వవచ్చు. అయితే ఎక్కువ మోతాదులో అదీ ప్రమాదకరమే. కనుక దానిని రక్షణగా లెక్కించకూడదు.

ఇది అనుభవం లేనివారికే జరిగే పొరపాటని అనుకోవద్దు. 1981 మార్చి 19న అమెరికా అంతరిక్ష కేంద్రంలో కొలంబియా నౌక వెనుక అరలోకి ప్రవేశించిన సాంకేతిక సిబ్బంది, అక్కడ నైట్రోజన్ నిండి ఉన్నదని తెలియక స్పృహ కోల్పోయారు. వారిలో ప్రాణాలు పోయినవారున్నారు. 1992 నుంచి 2002 వరకు పరిశ్రమలలో, ప్రయోగశాలలలో, వైద్య కేంద్రాలలో నైట్రోజన్ వల్ల ఊపిరాడక 80 మంది మరణించారని అమెరికా రసాయన భద్రతా మండలి 2003లో వెల్లడించింది. శిక్షణ పొందిన వారికే ఆ గతి పట్టినప్పుడు, ఇంటి మేడమెట్ల కింద సిలిండరు పెట్టుకున్న వారి మాట చెప్పనక్కరలేదు.

లెక్క వేసి చూడండి

భయపెట్టడం నా అభిమతం కాదు. అంకెలు చూస్తే ఎక్కడ భయపడాలో, ఎక్కడ అక్కరలేదో తెలుస్తుంది. ఇళ్లలో వాడే 20 ఘనపుటడుగుల చిన్న సిలిండరులో సుమారు 560 లీటర్ల వాయువు ఉంటుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న మామూలు గదిలో అది మొత్తం కారిపోయినా ఆక్సిజన్ 21 శాతం నుంచి అర శాతం మాత్రమే తగ్గుతుంది. ఎవరికీ ఏమీ కాదు. అదే గదిలో 80 ఘనపుటడుగుల పెద్ద సిలిండరు ఖాళీ అయితే, ఆక్సిజన్ 19 శాతం దగ్గరికి వస్తుంది. 19.5 శాతం కంటే తగ్గితే ఆ చోటు పనికి సురక్షితం కాదని అమెరికా కార్మిక నిబంధనలు చెబుతున్నాయి. ఇక మేడమెట్ల కింది చిన్న అరలో చిన్న సిలిండరు కారినా, ఆక్సిజన్ 16, 17 శాతానికి దిగుతుంది.

అన్నిటికంటే ప్రమాదమైనది మరొకటి. పై మూత ఉన్న డీప్ ఫ్రీజరు పెట్టెలో బీరు పీపాలను, వాటి పక్కనే సిలిండరును పెట్టి, గొట్టాలు బిగించుకునే అలవాటు చాలామందికి ఉన్నది. పీపాలు పోగా అందులో మిగిలే చోటు సుమారు 300 లీటర్లు. మూత గట్టిగా పట్టే పెట్టె అది. రాత్రంతా సిలిండరులోని సగం వాయువు అందులోకి కారితే, లోపలి ఆక్సిజన్ 10 శాతం కంటే దిగువకు పడిపోగలదు. 10 శాతం కంటే తక్కువలో మనిషి కదలలేని స్థితికి వచ్చి స్పృహ తప్పుతాడు. మరునాడు గొట్టం సరిచేయడానికి మూత ఎత్తిన వెంటనే తల లోపలికి పెట్టి వంగినవాడు తిరిగి లేస్తాడన్న నమ్మకం లేదు.

మత్తు మాటున

ఆక్సిజన్ తగ్గినప్పుడు కనిపించే తొలి లక్షణాలు ఏమిటి? తల తేలికైనట్టుండడం, కారణం లేని ఉల్లాసం, మాట తడబడడం, అడుగు తూలడం, వివేచన మందగించడం. బీరు తాగిన మనిషిలోనూ ఇవే కనిపిస్తాయి. విందులో నలుగురు తాగి ఉన్నప్పుడు ఒకరు సిలిండరు గదిలో గోడకు చేరగిలబడితే, పక్కవారు నవ్వి వదిలేస్తారు. నైట్రోజన్ శరీరంలోని గంటను మోగనివ్వదు. ఆల్కహాల్ పక్కవారి తెలివిని మబ్బు కమ్మిస్తుంది. ఈ రెండూ ఒకేచోట కలవడం వల్లనే ఇంటి నైట్రోజన్ కుళాయిని నేను ప్రత్యేకంగా చూడవలసిన ప్రమాదమంటున్నాను.

మన కరువు సీమలో పెద్దలకు ఈ జ్ఞానం మరో రూపంలో ఉండేది. ఏళ్ల తరబడి వాడని బావిలో పూడిక తీయడానికి దిగేముందు, తాడుకు లాంతరు కట్టి కిందికి దించేవారు. దీపం ఆరితే ఎవరూ దిగేవారు కాదు. కుళ్లిన ఆకులు, బురద అక్కడి ఆక్సిజనును హరించి, చెడు గాలిని నింపుతాయి. ఆ మాట వినక దిగినవాడు పడిపోతే, వాడిని తీయబోయిన రెండోవాడు, మూడోవాడు కూడా పడిపోయిన దుర్ఘటనలు నేటికీ వార్తలలో కనిపిస్తుంటాయి. దీపం ఊపిరికి ముందే చెప్పేది. సిలిండరు ఉన్న గదిలో నేడు ఆ దీపం స్థానంలో ఉండవలసినది ఆక్సిజన్ మీటరు. కుళాయికి, రెగ్యులేటరుకు ఖర్చు చేయగలవారు దానికి వెనుకాడడం నాకు సమంజసంగా తోచదు.

చట్టం ఇంటిలోపలికి రాదు

ద్రవ నైట్రోజన్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మైనస్ 196 డిగ్రీల చలిలో ఉండే ఆ ద్రవం ఆవిరైతే దాదాపు 700 రెట్లు వ్యాకోచిస్తుంది. 2024లో బెంగళూరులో ఒక వివాహ విందులో పొగలు కక్కే పాన్ తిన్న పన్నెండేళ్ల బాలికకు కడుపులో రంధ్రం పడి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. అదే ఏడాది మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఆహార పదార్థాలతో దాని వాడకాన్ని నిషేధించింది. విందులను అధికారులు తనిఖీ చేయగలరు. ఎవరి ఇంటి అరలోనో ఉన్న సిలిండరును ఎవరూ వచ్చి చూడరు. అక్కడ ఇంటివారే అధికారి.

కనుక నా సూచనలు ఇవి. సిలిండరును గాలి ఆడే చోట, వీలైతే ఇంటి బయట నీడలో, గోడకు గొలుసుతో నిలువుగా బిగించి ఉంచండి. ఫ్రీజరు పెట్టెలో, మూసిన అరలో, పడకగదిలో, కారులో ఉంచవద్దు. వాడకం లేనప్పుడు సిలిండరు మీది ప్రధాన వాల్వు మూసివేయండి. వంటగ్యాస్ గొట్టానికి చేసినట్టే, ప్రతి బిగింపు వద్దా సబ్బునీరు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. ఫ్రీజరు పెట్టె మూత తెరిచి, బాగా గాలి తగలనిచ్చిన తరువాతే లోపలికి వంగండి. ఎవరైనా పడిపోతే వెనుకాముందు చూడకుండా లోపలికి వెళ్లవద్దు. బయటి నుంచే తలుపులు, కిటికీలు తెరిచి, ఇతరులను కేకేసి, అత్యవసర సేవకు ఫోను చేయండి. మంచి గాలిలోకి తెచ్చిన మనిషికి శ్వాస లేకపోతే ఛాతీ నొక్కుతూ, నోటి ద్వారా శ్వాస అందించడం వెంటనే మొదలుపెట్టాలి.

చివరిగా ఆ పానీయం గురించి వైద్యునిగా ఒక మాట. నల్లని స్టౌట్‌లో ఇనుము ఉన్నదని, రక్తం పడుతుందని ఒక పాత నమ్మకం ప్రచారంలో ఉన్నది. అందులోని ఇనుము నామమాత్రం. నురుగు మెత్తగా ఉండడం వల్ల ఆల్కహాల్ తగ్గదు. 4.2 శాతం ఆల్కహాల్ ఉన్న స్టౌట్‌ను 568 మిల్లీలీటర్ల బ్రిటిష్ పింటు తాగితే దాదాపు 19 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి చేరుతుంది. ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. తాగకపోవడమే నా సలహా. తాగేవారిని మార్చే శక్తి ఒక వ్యాసానికి ఉండదని కూడా నాకు తెలుసు.

అందుకే, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులను ఒకటే కోరుతున్నాను. ఈసారి అబ్బాయితోనో, అల్లుడితోనో మాట్లాడినప్పుడు, ఇంట్లో అటువంటి సిలిండరు ఉంటే అది ఏ గదిలో ఉన్నదో, ఆ గదికి కిటికీ ఉన్నదో లేదో అడగండి. మందలించకుండా అడిగితే నిజం చెబుతారు. ఫ్రీజరు పెట్టెలో ఉన్నదని చెబితే, ఆ రోజే బయటికి తీయించండి.