నైట్స్ ఆఫ్ కొలంబస్ రహస్యకూటమి కాదు

సంపాదకులకు,

అమెరికాలోని కతోలిక సంఘములను గూర్చి గత సంచికలో వెలువడిన వ్యాసమున ‘నైట్స్ ఆఫ్ కొలంబస్’ ఫ్రీమేసన్ల వంటి రహస్యకూటమి యనియు, అందు చేరుట జీవితబీమా కొనుట యనియు వ్యాసకర్త తేల్చివేసిరి. రెండును నిలుచు మాటలు కావు.

1882లో న్యూ హేవెన్ నగరపు సెయింట్ మేరీ విచారణలో దీనిని నెలకొల్పిన సహాయగురువు మైకేల్ మెక్‌గివ్నీ, తన తండ్రి మరణముతో గురువిద్యాలయమును విడిచి కొంతకాలము ఇల్లు చేరవలసివచ్చినవాడగుటచే, సంపాదించు మగదిక్కు పోయిన సంసారముల దుర్గతి నెరిగి, 1738 నుండియు మేసన్ల కూటములు నిషిద్ధములైన కతోలికులకు ప్రత్యామ్నాయముగానే దీనిని కల్పించెను. విరుగుడునే రోగమనుట యెక్కడి న్యాయము? ఆయనను 2020లో చర్చి ధన్యజీవిగా ప్రకటించినది కూడ.

ప్రవేశవిధి ఒకప్పుడు సభ్యులకే పరిమితమన్నది సత్యమే. కాని 2020 నుండి అది భార్యాబిడ్డల, బంధుమిత్రుల సమక్షమున జరుగుచున్నది. పదునెనిమిదేండ్లు నిండి, చర్చి బోధకు కట్టుబడిన కతోలిక పురుషుడెవడైనను చేరవచ్చును. బీమా వాని యిష్టమే గాని నిబంధన కాదు. తపస్కాలపు శుక్రవారములందు విచారణ హాలులో కాగు నూనె యెదుట నిలిచి చేపలు వేయించి యమ్ముచు, ఆ రాబడితో పేదపిల్లలకు చలికోటులు కొనువారిని బీమా దళారులనుట అన్యాయము. స్త్రీలకు సభ్యత్వము లేదేమని వ్యాసకర్త నిలదీసియున్నచో నేనును ఆలోచనలో పడియుందును. ఆ ప్రశ్నను వారడుగలేదు.

సవరణ ప్రచురింప ప్రార్థన.

— ఒక తెలుగు కతోలిక పాఠకుడు, కనెక్టికట్