ఆ నష్టం కంపెనీది కాదు

సంపాదకులకు,

పరధ్యానంలో ఉన్న క్యాషియర్ వంద ఎక్కువిస్తే జేబులో వేసుకోవడం తప్పేం కాదని గత వారం వ్యాసంలో రాశారు. పొరపాటు వాళ్లదట, నష్టం కంపెనీదట. ఆ రెండో మాట దగ్గరే నాకు అభ్యంతరం.

డ్యూటీ దిగిన ఆర్టీసీ కండక్టరు టికెట్ల లెక్క ప్రకారం డిపోలో సొమ్ము కట్టాలి. తగ్గితే తన చేతి డబ్బే వేసుకోవాలి. బ్యాంకు క్యాష్ కౌంటర్లోనూ అంతే. కిక్కిరిసిన బస్సులో ఐదొందల నోటుకు చిల్లర లెక్కపెడుతూ, మధ్యలో ‘ముందుకు జరగండమ్మా’ అని అరిచే మనిషి పొరబడకపోతేనే వింత!

పొరపాటున అందిన సొమ్ము తిరిగి ఇచ్చేయాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. యూపీఐలో దారితప్పి వచ్చిన డబ్బుకూ అదే వర్తిస్తుంది. (ఆ వంకతో మోసాలూ జరుగుతున్నాయి కాబట్టి బ్యాంకు ద్వారానే పంపాలి.)

పెద్ద కంపెనీలు మనల్ని దోచుకుంటున్నాయన్న రచయిత కోపంతో నాకు పేచీ లేదు. దానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. లాయరును పెట్టుకోకుండా మన వాదన మనమే వినిపించుకోవచ్చు.

– ఒక పాఠకురాలు, ఏలూరు