మార్లవాయి చెప్పు పాఠము

పరదేశమున గ్రామాభివృద్ధికై పనిచేయుటకు ఫెలోషిప్పు పొంది వెళ్లు విద్యార్థికి పెద్దలు పెక్కు సలహాలు చెప్పుదురు. అక్కడి చలిని గూర్చి, తిండిని గూర్చి, ఖర్చులను గూర్చి చెప్పుదురు. అక్కడి జనులలో ఎట్లు కుదురుకొనవలెనో చెప్పువారు అరుదు. అభివృద్ధి కార్యమునకు పునాది అదియే. ఈ విషయమున మనకు ఆదర్శమును, హెచ్చరికను దూరమున వెదుకనక్కరలేదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో ఉన్న మార్లవాయి అను గోండు గ్రామమున అవి రెండును కలవు.

వియన్నాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1939లో భారతదేశమునకు వచ్చెను. ఇంతలో యుద్ధ మారంభమయ్యెను. జర్మను పాస్‌పోర్టు గల ఆయన బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశీయు డయ్యెను. హైదరాబాదు రాజ్యపు హద్దులు దాటరాదని కట్టడి కలిగెను. 1940లో జోడేఘాట్ వద్ద, భూమికొరకు ఎదురు నిలిచిన కుమురం భీము పోలీసు తూటాలకు బలి యయ్యెను. గోండుల అశాంతికి మూలమేమో తెలిసికొను పనిని నైజాం ప్రభుత్వము హైమన్‌డార్ఫ్‌నకు అప్పగించెను.

ఆయన ఒక డేరా వేయించి, నాలుగు దినములలో నివేదిక వ్రాసి వెళ్లిపోయి యుండవచ్చును. అట్లు చేయలేదు. భార్య బెట్టీతో మార్లవాయిలో నివసించెను. గోండీ నేర్చెను. ప్రధానులు పాడు వంశగాథలను ఓపికతో విని వ్రాసికొనెను. అట్లు వినగా వినగా తేలిన సత్య మొక్కటి: గోండునకు కావలసినది జాలి కాదు, భూమిపై హక్కు. తరతరములుగా దున్నిన చేలకు పట్టాలు లేవు. రిజర్వు అడవి హద్దులు పల్లెలను మింగినవి. మిగిలినది వడ్డీ వ్యాపారుల పాలయ్యెను. తన్ను నియోగించిన ప్రభుత్వపు ఉద్యోగుల దోషములను గూడ ఆయన తన నివేదికలలో దాచలేదు. గోండులకు పట్టా లిచ్చు కార్యక్రమము పిమ్మట సాగెను.

ఉపాధ్యాయులు ముఖ్యముగా గమనింపవలసినది 1943లో మార్లవాయిలో వెలసిన శిక్షణ కేంద్రమును. బయటినుండి పంతుళ్లను రప్పించుటకు మారుగా, కొద్దిపాటి అక్షరజ్ఞానము గల గోండు యువకులనే అచట ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దిరి. గోండీ వాచకములను నాగరి లిపిలో సిద్ధపరచిరి. పిల్లవాడు తల్లి మాటలోనే తొలి పాఠము చదువగలిగెను.

ఇది ఆదర్శము. ఇక హెచ్చరిక. హైమన్‌డార్ఫ్ లండనులో ఆచార్యపదవికి వెళ్లిన పిమ్మట గోండీ చదువు నిలువలేదు. 1970ల ఉత్తరార్ధమున ఆయన తిరిగి వచ్చి చూచునప్పటికి, ఇచ్చిన భూములు పెక్కు అన్యుల పాలై యుండెను. ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు పోరాదని 1970లో చట్టము బిగించినను దాని అమలు అంతంతమాత్రమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూసమస్యపై కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ఆ మరుసటి సంవత్సరము వెలువడిన హైమన్‌డార్ఫ్ గ్రంథము భారత గిరిజనుల మనుగడ పోరాటమును గూర్చినది. మంచి అతిథి యెంత శ్రమించినను, ఆ పనిని కాపాడు శక్తి ఊరివారి చేతికి, శాశ్వత సంస్థల చేతికి అందనిచో, అతిథితోపాటే ఫలమును తరలిపోవును.

అయినను ప్రజలు మేలు మరువలేదు. 1987లో మరణించిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో లండనులో గతించిన భర్త చితాభస్మమును 2012లో ఆమె చెంతకే చేర్చిరి. ఆ ఊరు నేటికిని వారిని తమవారినిగనే తలచుచున్నది.

పరదేశ మనగా సముద్రములు దాటినదే కానక్కరలేదు. కరీంనగరునుండి ఏజెన్సీ బడికి బదిలీయైన తెలుగు ఉపాధ్యాయునకు గోండు గూడెమే పరదేశము. అతడు తరగతిలో తొలి దినమున తెలుగు వాచకమును తెరచునా, పిల్లల నోట నాలుగు గోండీ మాటలు నేర్చుకొనునా? తొలి దానికి జీతము చాలును. రెండవదానికి మనసు కావలెను. విదేశమునకు వెళ్లు విద్యార్థియు, గూడెమునకు వెళ్లు గురువును ప్రయాణమునకు ముందు తమ్ము తాము వేసికొనవలసిన ప్రశ్నలు రెండే: నేను అక్కడ ఏమి నేర్తును? నేను వచ్చివేసిన పిమ్మట అక్కడ ఎవరి చేతిలో ఏమి మిగులును?