‘ఆత్మాహుతి’ శబ్దము – ప్రయోగౌచిత్యము

తాను మరణించుచు పరులను సంహరించు ఘాతుకమును ‘ఆత్మాహుతి దాడి’ యని వ్యవహరించుట తెలుగు పత్రికలలో స్థిరపడినది. ఈ ప్రయోగౌచిత్యము విచారణీయము.

‘హు’ ధాతువు జుహోత్యాది గణమున పఠితము. దానము, భక్షణము దాని యర్థములు. ఆఙ్పూర్వకమై క్తిన్ ప్రత్యయాంతమైన ‘ఆహుతి’ శబ్దము దేవతోద్దేశముతో అగ్నియందు హవిస్సును వేల్చుటను చెప్పును. ఆహ్వానార్థకమగు ‘ఆహూతి’ వేఱు. ద్రవ్యము, దేవత, త్యాగము అను మూడును యాగస్వరూపము. త్యాగమనగా ద్రవ్యమందలి తన స్వత్వమును విడుచుట. హోమకాలమున యజమానుడు ‘ఇది నాది కాదు’ అను నర్థమున పలుకుట అందులకే.

స్వత్వము లేనిదానిని విడుచుట పొసగదు. పూర్వమీమాంస ఆఱవ అధ్యాయమందలి విశ్వజిద్యాగ విచారము ఇచట స్మరణీయము. సర్వస్వమును దక్షిణగా నొసగవలసిన ఆ యాగమున తల్లిదండ్రులను సైతము ఈయవలెనా యను సంశయమునకు, వారియందు యజమానునకు స్వామిత్వము లేదు గాన ఈయరాదని సిద్ధాంతము. కన్నవారియందే లేని స్వత్వము దారిన పోవువాని ప్రాణములయందు ఎట్లు కలుగును?

శంఖచూడునకు బదులుగా తన దేహమును గరుడున కర్పించిన నాగానంద నాయకుడు జీమూతవాహనుడు, దేవతలకు తన యస్థుల నొసగిన దధీచి, ఆంధ్రరాష్ట్రమునకై 58 దినములు నిరశనము సలిపి 1952 డిసెంబరు 15న అసువులు బాసిన పొట్టి శ్రీరాములు – వీరందఱు విడిచినది తమ ప్రాణమునే. పరప్రాణమును వీరిలో నెవ్వరును హరింపలేదు.

యోగముకంటె రూఢి బలవత్తరము గదా, ‘ఇల్లు అగ్నికి ఆహుతి యైనది’ అనుచోట దేవత యెక్కడ, త్యాగ మెక్కడ యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని యచట ఆ మాట దహనమాత్రమును చెప్పును, ఎవ్వరిని కొనియాడదు. ‘ఆత్మ’ శబ్దముతో సమసించినపుడు మాత్రము త్యాగగౌరవము దానిని వీడదు. ఇందుచే హంతకునకు యజమానుని స్థానము లభించును. హతులైనవారు ఆ సమాసమున కానరానే కానరారు.

‘మానవబాంబు దాడి’ యను మాట తెలుగున వాడుకలో నున్నది. జరిగినదానిని అది చెప్పును, పొగడదు. ఇట్టిచోట్ల దానినే వాడి, ‘ఆత్మాహుతి’ని పరహితార్థము తన్ను తానర్పించుకొన్నవారికే మిగుల్చుట ఉచితము. సమాసములకు విగ్రహవాక్యములు చెప్పించు ప్రాచ్యకళాశాలల తరగతులలోనే ఈ వివేకము మొదలుకావలెను.