చెక్కిన చేతుల పేర్లెక్కడ?

కళ అంటే చదువుకున్నోళ్ళ సొత్తేనని పండితులు మనకు నూరిపోస్తారు. ఒక చెక్క అచ్చు సంగతి చెబుతాం, వినండి.

1905లో జర్మనీలోని డ్రెస్డెన్ పట్నంలో నలుగురు కుర్రాళ్ళు 'వంతెన' అనే సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడు వాళ్ళలో కిర్ష్‌నర్ అనే అతను సంఘం కరపత్రాన్ని చెక్క మీద చెక్కి అచ్చు తీశాడు. ఉలి దెబ్బలు అక్షరాల్లో అలాగే కనబడతాయి. అందులో ఏముంది? పాతుకుపోయిన పెద్దల పెత్తనం మాకొద్దు, లోపల రగిలేదాన్ని ఉన్నదున్నట్టు బయటపెట్టే ప్రతివాడూ మావాడే అని.

మంచి మాటే. కరపత్రం విలువ మాకు తెలుసు. కానీ ఒక్కటి అడుగుతాం. ఆ 'ప్రతివాడి'లో ఎవరున్నారు?

1910 నాటికి ఈ కుర్రాళ్ళు డ్రెస్డెన్ మ్యూజియంలో పలావు దీవులవాళ్ళు చెక్కి రంగులేసిన ఇంటి దూలాలు చూశారు. ఆఫ్రికాలోని బెనిన్ ఇత్తడి పనీ చూశారు. చూసి నేర్చుకున్నారు. పలావును 1899లో జర్మనీ స్పెయిన్ దగ్గర కొనేసింది, మనుషులతో సహా! బెనిన్ సొత్తు 1897లో బ్రిటిష్ సైన్యం దోచుకున్నది. నేర్చుకున్నవాడిది 'ఆధునిక కళ' అయింది, పేరు గోడకెక్కింది. నేర్పినవాడిది 'ఆదిమ కళ' అయింది, వాడికి పేరే లేదు.

1937లో హిట్లర్ మనుషులు ఈ బొమ్మల్ని 'భ్రష్ట కళ' అని మ్యూనిక్‌లో వేలాడదీసి ఎగతాళి చేశారు. కిర్ష్‌నర్‌వే 639 పనుల్ని మ్యూజియంల నుంచి లాగేశారు. నల్లవాళ్ళ గాలి, యూదుల గాలి సోకిందట! మైలపడిందన్నమాట. ఈ మాట మనకు కొత్తా? 1938లో కిర్ష్‌నర్ ప్రాణం తీసుకున్నాడు. అది ఘోరమే. అతని మీద పుస్తకాలొచ్చాయి. ఎవరి గాలి సోకితే మైలన్నారో ఆ దూలాలు చెక్కినవాళ్ళ పేర్లు మాత్రం రాలేదు. 2022లో జర్మనీ కొన్ని బెనిన్ వస్తువుల్ని నైజీరియాకు తిరిగిచ్చింది. వస్తువు తిరిగొస్తుంది. రాసిపెట్టని పేరు ఎక్కణ్ణుంచి తిరిగొస్తుంది?

మన దగ్గరా ఇదే లెక్క. తోలు బిగించి డప్పు చేసేది, కొట్టేది మాదిగ. అది 'జానపదం'. అదే దరువు పట్నం వేదికెక్కిస్తే ఇంకొకడు కళాకారుడు, వాడికి శాలువా!

అందుకే సంఘాలకు ఈ పక్షం ఒక పని. మీ పేటలో డప్పు చేసినవాళ్ళ, చెప్పు కుట్టినవాళ్ళ, చిందాడినవాళ్ళ పేర్లు, ఆడోళ్ళవీ మగోళ్ళవీ, నోటు బుక్కులో రాయండి. మనం రాయకపోతే వాళ్ళు మనకు పేరు పెడతారు. ఏం పేరు పెడతారో చూశాం కదా!